పగులు దగ్గర సున్నా

ఏప్రిల్. అలాస్కా కొసన ఉత్కియాగ్విక్.
ఊరు అయిపోయిన చోట సముద్రం మొదలవదిక్కడ.
తెల్లగా ఇంకో నేల మొదలవుతుంది,
కాళ్ళ కింద కిర్రుమంటూ,
తను నేలను కానని చెప్పకుండా.

కొలవడానికి వచ్చాం.
ఏడువందల కిలోమీటర్ల ఎత్తున ఒక పెట్టె,
గడియారం తప్ప మరేమీ నమ్మని రాడారు.
ఐదువందల మీటర్ల ఎత్తున విమానం,
పొట్టకింద లేజరు కన్ను తెరుచుకుని.
అన్నిటికన్నా కింద నేను,
చేతిలో గీతలు గీసిన కర్ర,
కనురెప్పల మీద గడ్డకట్టిన ఊపిరి.

రాలేదీ మంచే, గట్టిపడ్డదీ మంచే,
తెల్లారి గడ్డిపోచ మీద మెరిసేదీ మంచే మాకు.
ఒక్క మాటతో పెరిగినదాన్ని
ఆ మాటను రెండుగా చీల్చే పనిలో పడ్డాను.
లేజరు పైన రాలినదాని మీదే ఆగిపోతుంది,
గడప దాటని చుట్టంలా.
రాడారు ఆ దూదిని తొలుచుకుని
కిందున్న గట్టిదాన్ని తట్టి వస్తుందంటారు.
వస్తుందనే రాసుకుంటాం.
దూది తడిసిన రోజున మాత్రం
నా అంకెను నేనే నమ్మను.

నీటిపైన తేలేది జానెడు,
కింద నిలువెత్తు మునిగి ఉంటుంది.
పైన వేలిమందం పొరబడితే
కింద జానెడు అబద్ధం.

సరే, జానెడు. ఎక్కడినుంచి జానెడు?

నలభై నిమిషాలు విమానం తెలుపు మీదే ఎగిరింది.
రేడియోలో మార్గరీటా గొంతు:
“ఎత్తులున్నాయి, మట్టం లేదు.”
అతుకు లేని మంచు ఎంత అందమో అంత పనికిరాదు.
ఎక్కడో ఒకచోట పగలాలి.
నల్లటి నీళ్ళు బయటపడాలి, పొగలు కక్కుతూ.
ఆ పగులే మా సున్నా.

చిన్నప్పుడు మా పక్కింటికి గోడ లేపిన సింహాద్రి మేస్త్రి
పారదర్శకం గొట్టంలో నీళ్ళు నింపి
ఒక కొస నా చేతికిచ్చి “కదలకు” అనేవాడు.
నీళ్ళు అటూ ఇటూ ఊగి, ఆలోచించి, నిలిచేవి.
“గోడ అబద్ధమాడుద్ది పాపా, నీళ్ళాడవు.”
ఇంత దూరమొచ్చి పట్టుకున్నదీ ఆ గొట్టం కొసనే.

దారి చూపే ఓర్విల్ ఇనుపమొన కర్రతో
మంచును ఒక్క పోటు పొడిచి చెవి ఒగ్గుతాడు.
“నీ పెట్టె ఎంతంటోంది?”
మీటరూ నలభై, అన్నాను.
“ఎప్పుడు చూసింది?”
పొద్దున.
అతను తూర్పుకేసి గడ్డం ఎత్తాడు.
“పొద్దున చూసింది అటెళ్ళిపోయింది.
గాలి తిరిగిందిగా.”

నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
అతను కూడా పగులు కోసమే చూస్తున్నాడు;
సముద్రం నోరు తెరిస్తేనే తిమింగలం వచ్చే దారి.
దాన్ని పైకి లాగినప్పుడు నిలిచేంత మందమా కాదా,
అంతే అతని లెక్క.
అందులో దశాంశాలుండవు, మనుషులుంటారు.

బర్మా తిప్పాం. భుజం పడిపోయింది.
ఉన్నట్టుండి చేతికి బరువు తెలియలేదు:
అడుగు దొరికింది.
కన్నంలోంచి నీళ్ళు గబగబా పైకొచ్చాయి,
అంచు దాకా వస్తాయనుకున్నా,
బెత్తెడు కిందే ఆగాయి.
అటూ ఇటూ ఊగి, ఆలోచించి, నిలిచాయి.

పెన్నులో సిరా గడ్డకడుతుంది, పెన్సిలే వాడాలి.
రాశాను: మందం మీటరూ పదకొండు.
పైన తేలింది తొమ్మిది సెంటీమీటర్లు.
పక్కన, పట్టికలో గడి లేకపోయినా,
గాలి తిరిగింది అని కూడా.

మంచి నీళ్ళకోసం సంచి విప్పేసరికి
కన్నం మీద అప్పుడే
గోరు మందాన కొత్త పొర.
ఓర్విల్ చేతి తొడుగు తీసి దాన్ని ముట్టుకున్నాడు,
ఏమీ అనలేదు.
ఇంకా పందొమ్మిది కన్నాలున్నాయి.