మరగని నీళ్ళు

మాతే ఆకుకి నీళ్ళు మరగకూడదు.
కెటిల్ గుసగుస మొదలుపెట్టగానే దించాలి,
మరిగిందా, ఆకు మాడిపోతుంది.
నలభై ఒక్క ఏళ్ళుగా నెలిదా ఇదే చెబుతోంది.
నేను వినలేదు. ఈ చలికాలం వింటున్నాను.

పైసందూలో జూలై అంటే ఎముకలు కొరికే చలి.
నది మీది పొగమంచు మా వీధిలోకి నడిచొచ్చి
బస్సు డిపో గోడ దగ్గర ఆగుతుంది.
ముప్పై మూడేళ్ళు ఆ డిపోలో మెకానిక్‌ని.
బస్సు ఇంకా మలుపు తిరక్కముందే
ఏ వాల్వు పోయిందో శబ్దాన్ని బట్టి చెప్పేవాణ్ణి.
ఇప్పుడు మంచం పక్కన చీకట్లో కూర్చుని
ఆమె ఊపిరి వింటాను:
నాలుగు పెద్దవి, మూడు చిన్నవి, ఆ తర్వాత ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని వేళ్ళ మీద లెక్కపెడతాను.
పదకొండు దగ్గర మళ్ళీ అందుకుంటుంది.
ఏది అరిగిపోయిందో తెలుసు.
తెలిసి ఏం లాభం,
ఆ భాగం ఏ కొట్లోనూ దొరకదు.

నర్సు ఈబిస్ మోపెడ్ మీద వస్తుంది,
ముక్కు ఎర్రబడి, చేతులు రుద్దుకుంటూ.
మార్చి నుంచీ ఆమె రాసిన కాగితం ఫ్రిజ్ మీద ఉంది:
కొవ్వు వద్దు, వేపుడు వద్దు, మాతే అసలే వద్దు.
సోమవారం దాన్ని తనే పీకి, మడిచి
కోటు జేబులో పెట్టుకుంది.
"ఇక పథ్యమేమీ లేదు. ఏదడిగితే అది పెట్టండి."
పిచ్చివాడిలా సంబరపడ్డాను.
టోపీ పెట్టుకుని మాంసం కొట్టుకి బయల్దేరాను.
బేకరీ దాకా వెళ్ళి ఆగిపోయాను.
కాళ్ళకి ముందు అర్థమైంది.

ఎదురింటి ఇర్మా సూపు గిన్నె గడప అవతలే అందిస్తుంది,
లోపలికి రాదు, వాన గురించి మాట్లాడుతుంది.
నేనూ వాన గురించే మాట్లాడతాను.
సూపు నేనే తాగుతాను, సింకు దగ్గర నిలబడి.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
బుధవారం రాత్రి మూడోసారి దుప్పటి మారుస్తూ
ఆమె మీద అరిచాను,
కాస్త ముందు చెప్పి చావలేవా, అని.
ఆ మాటే అన్నాను.
ముప్పై ఎనిమిది కిలోల మనిషి
గోడవైపు చూస్తూ చాలాసేపటికి
"వాల్దెమార్, గ్యాసు బిల్లు పదో తారీఖు" అంది.
తెల్లారగానే వెళ్ళి కట్టొచ్చాను.
రసీదు ఆమె కళ్ళ ముందు పెట్టాను.
చదివింది, అంకెలతో సహా.

"నీలం గౌను. బూడిదరంగుది వద్దు."
ఎప్పటికి అని నేను అడగలేదు.
ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను.
రాత్రిళ్ళు అది మనిషిలా కనిపిస్తే
తీసి బీరువాలో పెట్టాను.

ఆమె ఇప్పుడు మింగలేదు.
గులాబి స్పాంజి పుల్లని మాతేలో ముంచి
పెదాల మీద అద్దుతాను.
చప్పరించి, కళ్ళు తెరవకుండానే మొహం చిట్లిస్తుంది:
మరిగించావు.
లేదు, ఈసారి మరిగించలేదు.
కాసేపు అలా పోట్లాడుకుంటాం, మాటల్లేకుండా.
బాగుంటుంది.

మా దగ్గర ఒక మర్యాద ఉంది.
సొరబుర్ర గిన్నె చేతి నుంచి చేతికి తిరుగుతుంది,
అందుకునేటప్పుడు ఎవరూ గ్రాసియాస్ అనరు.
ఆ మాట అన్నారంటే ఇక చాలని,
నా వంతు తీసెయ్యమని.
పెళ్ళయిన మర్నాటి నుంచీ నెలిదా నాతో ఆ మాట అనలేదు.
ఆకులో రుచి చచ్చి ఉత్త వేడినీళ్ళయ్యేదాకా
చెయ్యి చాపుతూనే ఉండేది.

నిన్న సాయంత్రం
తలగడ తిప్పి, చల్లటి వైపు చెంప కిందకి సర్ది
స్పాంజి ఆనించాను.
"గ్రాసియాస్" అంది.
తలగడకి అయ్యుంటుంది.
అవతల ఈబిస్ మార్ఫిన్ సూది తీస్తోంది, ఆమెకేమో.
అడగలేదు.
అడిగితే నెలిదా నిజమే చెబుతుంది.

ఐదున్నర. కిటికీ ఇంకా నల్లగానే ఉంది.
అలవాటుకొద్దీ నీళ్ళు పెట్టాను, గిన్నెలో ఆకు వేశాను.
పదకొండు.
పన్నెండు.
వంటింట్లో కెటిల్ గుసగుస మొదలైంది.
లేవాలి, మరిగిపోతుంది.
పదమూడు.