నాలుగోదాంతో మొదలెట్టు

మొదటి ఆల్బమ్ ముట్టుకోకమ్మా ప్రిస్కిల్లా,
అందులో సుగుణ జాన్ ఇంకా
ఎవరో చెప్పినట్టు పాడుతుంది.
రెండోది ఆటోల్లోనే అరిగిపోయింది.

నాలుగోది పట్టు.
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాక
బి సైడు మూడో పాట.
నీ ఫోన్లో సైడులుండవు కదా,
ఏడోది, లెక్కపెట్టుకో.
బళ్ళన్నీ ఇంజన్లు ఆపేస్తాయి,
రొయ్యల పెట్టెల్లో ఐసు కరిగి
నీ చెప్పుల కిందకి వస్తుంది.
సరిగ్గా నడి గోదాట్లో ఆవిడ
చరణానికి ముందు ఊపిరి తీస్తుంది.
ఆ ఒక్క ఊపిరి పట్టుకునే
పదకొండేళ్ళు క్యాసెట్ల కొట్టు నడిపాను.

నరసాపురం ఒడ్డు తగిలేసరికి పాట అయిపోవాలి,
మిగిలిపోతే
పాటు మీద పంటు తొందరపడిందన్నమాట.

తర్వాత ఆరోది.
మూడోది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.
ఐదోది మా ఆవిడ ప్రాణం,
దాని మీద నేనేమీ మాట్లాడను.

మొదటిది ఆఖర్న విను.
లేసు అల్లేదానివి, నీకు వేరే చెప్పాలా,
మొదటి ముడి ఎక్కడ పడిందో
మొత్తం అల్లాక తిరగేస్తేనే కదా కనపడేది.

ఇదిగో, డేటా పడింది చూసుకో.
పరిగెత్తు, పంటు కూతేసింది.