గోధుమరంగు మీసం

రీగాలో మంచు కురుస్తున్న సాయంత్రం
పదకొండో నంబరు ట్రామును డిపోలో వదిలి
ఇంటికొచ్చాను, చేతుల్లో ఇంకా దాని వణుకు.

టీవీలో మీసాల ఎలుగుబంటి రైలు నడుపుతోంది.
కుందేలు పిల్ల ప్లాట్‌ఫారం మీద
రుమాలు ఊపుతోంది.
ఊపడమే దాని పని.

"ఆడవాళ్లు బండి నడపరు" అంది మదారా,
సూప్ జుర్రుకుంటూ. అయిదేళ్లు.
"మరి నేనో?"
చెంచా గాల్లో ఆగిపోయింది.

పడుకోబోయే ముందు బొమ్మ గీసి తెచ్చింది:
పట్టాలు, ట్రాము, అద్దం వెనక నేను,
ఊడిన గుండీతో సహా నా నీలం కోటు,
ముక్కు కింద దట్టంగా
ఎలుగుబంటి మీసం.

నవ్వుకుంటూ పొద్దున దాన్ని కేబిన్‌లో అంటించాను.

ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు కనిపించింది
కాగితం మూలన, గోరంత,
తను.
చేతిలో రుమాలు.