నలభైకి సున్నా

సోంపేటలో బస్సు దిగాక ఒక ఆటో,
ఆటో ఆగిపోయిన చోటినుంచి ఇసుక.
బ్యాగులో ఆరు టాబ్లెట్లు, ఒక పవర్ బ్యాంకు,
గైడు గారు సంతకం పెట్టిన అనుమతి కాగితం.
రెండో తరగతికి తీసివేతలు నేర్పే ఆట,
విజయనగరం కాలేజీ ల్యాబులో
పదకొండు నెలలు కూర్చుని నేనే రాశాను.

ఆటలో ఒక పీత.
దాని ముందు చెక్క వంతెన, కింద నీళ్ళు.
పన్నెండులోంచి ఐదు పోతే ఎంత?
నాలుగు పలకలు, నాలుగు జవాబులు.
సరైన పలక నొక్కితే పీత ఒడ్డెక్కి
రెండు డెక్కలూ ఎత్తి చప్పట్లు కొడుతుంది.
తప్పు నొక్కితే బుడుంగుమని నీళ్ళలో పడుతుంది.
ఆ బుడుంగు కోసం హాస్టల్ బకెట్టులో
ఎన్ని గులకరాళ్ళు వేశానో!

పెదఅలివిపేట బడిలో ఇరవై ముగ్గురు.
ఒక గోడకి ఎక్కాలు, మిగతా గోడలకి ఉప్పుచెమ్మ.
నీలవేణి టీచరు చేతిలో చాక్‌పీసు దించకుండానే
"నాలుగు రోజులయ్యాక ఇవి పట్టుకెళ్ళిపోతారా?" అంది.
పైలట్ స్టడీ అన్నాను.
ఆవిడ మళ్ళీ ఏమీ అడగలేదు.

నాలుగో రాత్రి లాడ్జిలో లాగ్ ఫైలు తెరిచాను.
పంతొమ్మిదో వరుస: సూరాడ పోలేశ్వరి.
నలభై ప్రశ్నలు. సరైనవి సున్నా.
ఆట నేను చెప్పినట్టే
పిల్లని మెట్టు మెట్టూ దించుకుంటూ పోయింది,
చివరికి రెండులోంచి ఒకటి పోతే ఎంత అని అడిగింది.
దానికీ తప్పే.

"ఆ వరుస తీసెయ్," అన్నారు గైడు గారు ఫోన్లో,
"సగటంతా పాడవుతోంది."
తీసేద్దామనే వేలు పెట్టాను.
అంతలో కరెంటు పోయి, ఫ్యాను నెమ్మదిగా చచ్చిపోతుంటే
తెర వెలుగులో తట్టింది:
కళ్ళు మూసుకుని నొక్కినా
నాలుగింట ఒకటి చొప్పున పదైనా తగలాలి కదా.
నలభై సార్లూ గురి తప్పాలంటే
గురి ఎక్కడుందో తెలియాలి.

పొద్దున్నే వెళ్ళాను.
పోలి బడి మెట్టు మీద కూర్చుని
కాలివేళ్ళ సందుల్లో ఇసుక దులుపుకుంటోంది.
పన్నెండులోంచి ఐదు?
"ఏడు."
ముప్పై ఒకటిలోంచి పదహారు?
చూరు కేసి ఒకసారి చూసి, "పదేను."
మరి ఆటలో?

నాకేసి చూసింది,
దారి తప్పి ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.
"పీత నీల్లల్లోకే గదా సారూ ఎల్లాల?
ఒడ్డుకొస్తే మాయమ్మ తట్టలో ఏసీసి
సంతకట్టుకెల్పోద్ది."

నేను బొబ్బిలి వాణ్ణి.
పీతని పళ్ళెంలోనే ఎరుగుదును.
నీళ్ళలో పడితే మునిగిపోతుందనుకుని
దానికొక వంతెన కట్టాను.
ఈ పిల్ల
నలభై సార్లు సరైన జవాబు కనిపెట్టి,
దాన్ని ముట్టకుండా పక్కది నొక్కి,
ఒక్కొక్క పీతనీ ఇంటికి పంపింది.

"నన్నడిగితే ముందే చెప్పుదును,"
అంది నీలవేణి టీచరు, హాజరుపట్టీ మూస్తూ.

వరండాలోనే కూర్చుని ఒక్క లైను తిరగరాశాను.
ఇప్పుడు సరైన జవాబుకే బుడుంగు.
తప్పైతే, పీత ఒడ్డు మీద దిక్కులు చూస్తుంది.
పోలి వరసపెట్టి ఇరవై ఆరు ముంచేసింది.
ఇరవై ఏడో దాని దగ్గర ఆగింది.
"ఇదొక్కటీ ఉంచీసుకుంతాను సారూ,
రాత్రికి కూరకి."
చూసి చూసి తప్పు నొక్కింది.

రిపోర్టులో వరుస తీయలేదు.
సర్వర్లో ఒకసారి పడిన అంకె మారదు:
సూరాడ పోలేశ్వరి, నలభైకి సున్నా.
కింద గమనిక అని రాసి చాలాసేపు ఊరుకుని
రెండు వాక్యాలు చేర్చాను:
ఈ పిల్లకి తీసివేత వచ్చు.
ఆట రాసినవాడికి పీతల సంగతి తెలియదు.

గైడు గారు రెండోదాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు.
ఇరవై ఏడో పీత గురించి
ఆయనకి నేను చెప్పలేదు.