నెలీమా వాళ్ళమ్మ

నకూరు బస్టాండులో ఆఖరి మటాటు కదిలాక
మొక్కజొన్నలు కాల్చే ఆవిడ ఒక పిల్లాణ్ణి
చెయ్యి పట్టుకు తెచ్చి నా బల్ల ముందు నిలబెట్టింది.
ఐదేళ్ళుంటాయి. ఒక చెప్పు కాలికి, ఒకటి చంకలో.
తెగిందట. పారెయ్యడట.

నేను సార్జెంట్ లగట్‌ని.
పద్దు పుస్తకం నాది, ముద్ర నాది,
వైర్‌లెస్ సెట్టు నాది, జీపు నాది,
అందులో పెట్రోలు మాత్రం దేవుడిది.
పేరు? బరాసా.
ఇల్లు? ఇంటి దగ్గర.
అమ్మ పేరు? అమ్మ.
నా ఫారం గళ్ళలో ఇవేవీ పట్టవు.

ఫోన్ చేస్తే జెరోటిచ్ వచ్చింది,
వానకోటు కింద జావ ఫ్లాస్కు దాచుకుని.
పిల్లల్ని వెతికే సంస్థ వాళ్ళది. ఇద్దరు మనుషులు, ఒక బీరువా.
మొదట్లో మాకు పడేది కాదు.
"ఒక రోజు ఆగి రా" అన్నానొకసారి, ఏడుస్తున్న ఒక తండ్రితో.
ఆ మాట ఏ చట్టంలో ఉందో చూపించమని
ఈవిడ నా ఎదుటి కుర్చీలో తెల్లారేదాకా కూర్చుంది.
పుస్తకాలు తిరగేశాను. నాకు దొరకలేదు.
మళ్ళీ ఆ మాట నా నోట రాలేదు.
అప్పట్నుంచీ ప్రతి గురువారం
ఆమె బీరువాలో కాగితాలూ నా సొరుగులో కాగితాలూ
పక్కపక్కన పరిచి ఒక్కో పేరూ పైకి చదువుతాం.
వినేవాళ్ళుండరు. అయినా పైకే.

ఆ రాత్రి ఆమె నేలమీద చతికిలబడింది.
ఏమీ అడగలేదు. చెప్పు అందుకుని
నా స్టేప్లర్‌తో పట్టీ బిగించింది.
(ప్రభుత్వ సొత్తు. పద్దులో రాయలేదు.)
జావ సగమయ్యాక అంది:
"పక్కింటివాళ్ళు మీ అమ్మని ఏమని పిలుస్తారు?"

మా దగ్గర తల్లి సొంత పేరు ఎవరిక్కావాలి?
తొలిచూలు బిడ్డ పేరే ఆమెకి పిలుపు.

"నెలీమా వాళ్ళమ్మా అని."
"నెలీమా ఎక్కడుంది?"
"పోలీసుల దగ్గర.
అమ్మ సోమవారం సోమవారం వస్తుందిగా, అడగడానికి.
ఇవాళ అమ్మకి జ్వరం.
నేనొచ్చాను."

జెరోటిచ్ నావంక చూళ్ళేదు.
సొరుగు తాళంచెవి నా జేబులోనే ఉంది.
అయినా బల్లంతా వెతికాను.

నెలీమా. తొమ్మిదేళ్ళు.
నీళ్ళ డబ్బాతో కుళాయికి వెళ్ళి రెండేళ్ళయింది.
నా రాతలో రెండు పేజీలు.
జెరోటిచ్ రాతలో పదిహేడు:
కుళాయి నుంచి గుమ్మానికి ఎన్ని అడుగులు,
ఏ కొట్టు గోడకి ఏ రంగు, ఎవరి కుక్క కరవదు,
ఏ మలుపులో సరస్సు మీది చవుడు గాలి ముక్కుకి తగులుతుంది.
దొరకని అక్క కోసం రాసిన దారి అది.

రోండా సందుల్లో జీపుని
పిల్లాడి నడక వేగంతో నడిపాను.
పదకొండో పేజీలో నీలం గోడ. ఉంది.
పన్నెండులో కుక్క. ముసలిదైంది, ఉంది.

టార్చిలైట్లు, అరుపులు, అప్పటికే వీధంతా వెతుకుతోంది.
గోడ పట్టుకుని నిలబడ్డ ఆవిడ
ముందు నా యూనిఫాం చూసింది.
ఆ మొహంలో లేచిన వెలుగు
బరాసా కోసం కాదు.
దాన్ని ఏ గడిలో రాయాలో నాకిప్పటికీ తెలీదు.
తర్వాత నా మోకాలి వెనక చిన్న తల కనబడింది.
కొట్టింది, కావిలించుకుంది, మళ్ళీ కొట్టింది.

పిల్లవాణ్ణి తల్లికి అప్పగించడమైనది,
రాత్రి పదకొండూ నలభై.
ముద్ర కొట్టాను. ఆ చప్పుడు నాకిష్టం.
ఎప్పుడోగాని వినబడదు.

గురువారం బెంచీ మీద తల్లీ కొడుకూ.
వాడు స్టేపుల్ చేసిన చెప్పు ఊపుతున్నాడు.
పేర్లు చదువుతున్నాను, గొంతు సవరించుకుంటూ.
"నెలీమా" అన్నాను.
"ఉంది" అన్నాడు వాడు,
బడిలో హాజరు పలికినట్టు.

జెరోటిచ్ పద్దెనిమిదో పేజీ తీసింది.