ఆరు పౌన్ల తేడా

నులాటోకి టపా మోసే చిన్న విమానం నాది.
రెక్కలకి గుడ్డ, కాళ్ళకి స్కీలు.
ఎక్కబోయే ప్రతి వస్తువునీ తక్కెడ మీద నిలబెట్టి
నీ పనేమిటని అడిగాకే లోపలికి రానిస్తాను.
ఆ శరత్కాలం తుపాకిని కూడా అడగాల్సొచ్చింది.

నాన్నది తొమ్మిది పౌన్లు.
నది అవతలి ఒడ్డున మూస్‌ని పడగొట్టిన తుపాకి.
మడమ మీద ఆయన చెంప రాసుకున్నచోట
కర్ర ఇంకా మెరుస్తుంది.
అది గోడకుంటే ఇంటికి మగదిక్కున్నట్టే అంటుంది వదిన.
నిజమే. కానీ గోడ ఎగరదు.

హల్వర్ తన కొట్లో బల్ల మీద నాలుగు పరిచాడు.
ఒకటి నడుం దగ్గర మడత పడుతుంది.
ఒకటి ముక్కలై తన మడమలోకి తానే దూరుతుంది,
నత్త గుల్లలోకి ముడుచుకున్నట్టు.
పైగా నీళ్ళలో తేలుతుందట.
"తేలగా చూశావా?"
"కాగితంలో రాశారు."
నవంబరు యూకాన్‌లో దాన్ని అందుకోవాలంటే
ముందు నేను తేలాలి కదయ్యా.

చేతి తొడుగులు తియ్యకుండానే అన్నీ ఎత్తి చూశాను.
ఒకదాంట్లో వేలు దూరలేదు.
ఇంకోదాంట్లో బియ్యపుగింజంత మేకు,
జారిందా, వసంతం దాకా మంచులో వెతుక్కోవాలి.
చివరికి మిగిలింది ఒంటి గుండుది.
తెరువు, పెట్టు, మూయి, పేల్చు. అంతే దాని చదువు.
పిల్లల బొమ్మలా ఉంది. మూడు పౌన్లు.

"ఎలుగుబంటి వస్తే?" అన్నాడు హల్వర్.
"అరుస్తాను. నా గొంతు తూకంలోకి రాదు."

సిక్స్టస్ మావయ్య పంతొమ్మిది రోజులు
విరిగిన రెక్క కింద బతికాడు.
చేతిలో ఇలాంటిదే ఒక సన్నది, యాభై తూటాలు,
చుట్టూ కావలసినన్ని కుందేళ్ళు.
పొద్దున కుందేలు, రాత్రి కుందేలు.
పొట్ట నిండేది, మనిషి తరిగేవాడు.
"కుందేట్లో కొవ్వుండదే పిల్లా,
తింటూనే చస్తున్నానని పన్నెండో రోజుకి తెలిసింది."
ఆసుపత్రిలో కళ్ళు తెరిచి ఆయన మొదట అడిగింది
పెళ్ళాన్ని కాదు, వెన్నని.
అత్త ఆ మాట నలభై ఏళ్ళు దెప్పింది,
దెప్పుతూనే ఆయన రొట్టెకి రెండువైపులా పూసింది.

అందుకని, మిగిల్చిన ఆరు పౌన్లకీ లెక్క కట్టాను.
పందికొవ్వు డబ్బా, నాలుగు.
తూటాలు వంద, మూత బిగిసే సీసాలో.
ఉచ్చుల తీగ ఒక చుట్ట,
నేను నిద్రపోతే తుపాకీ నిద్రపోతుంది, ఉచ్చు పోదు.
ఇంకా ముప్పావు పౌను మిగిలింది.
దాన్నలాగే వదిలేశాను.
విమానానికీ కాస్త ఊపిరాడాలి.

ఆ రాత్రి నాన్న తుపాకి దించి నూనె పట్టించాను.
నిన్ను తీసుకెళ్ళటం లేదని చెప్పడానికి
అంతకన్నా మెత్తటి మాట దొరకలేదు.

ఏడేళ్ళయింది. సీటు వెనక పట్టీల్లో
బొమ్మ తుపాకి అలాగే ఉంది.
ఏటా నది గడ్డకట్టే ముందు కొత్త డబ్బా కొని
పాతది అత్తకిస్తాను.
ఆవిడ ఆ కొవ్వులో రొట్టెలు వేయించి,
ఖాళీ డబ్బా గురి చూసుకోమని నాకే తిరిగిచ్చి,
"అయితే ఈ ఏడూ దీనితో పని పడలేదన్నమాట" అంటుంది.

పడలేదత్తా.
ఇంకొకటి వెయ్యి.