కుడి చివరి గడి

శనివారం. కాశీబుగ్గ. జీడిపప్పు బట్టీ వెనక
రేకుల గదిలో నేనూ, నా కంప్యూటరూ.
లెక్కలు మాత్రం ఇక్కడ ఉండవు.
విశాఖలో, యజమానిగారి ఆఫీసులో,
ఏసీ వేసిన గదిలో ఉంటాయి.
నేను రోజూ తీగ పట్టుకుని అక్కడికెళ్లి
ఆ తెరను నా తెర మీదికి తెచ్చుకుంటాను.

ఇవాళ తెచ్చుకుంటే సగమే వచ్చింది.

పేరుంది. గుండు ఎంత, బద్ద ఎంత, నూక ఎంత,
కిలోలు, గ్రాములు, అన్నీ ఉన్నాయి.
కూలి గడి మాత్రం కుడి అంచు అవతల.
పక్కకి జరుపుకునే పట్టీ కూడా
కిందెక్కడో, బాణం గుర్తుకి అందని చోట.

కిటికీ బయట ముప్పై ఒక్కమంది.
పొట్టు అంటుకున్న చీరలు,
జీడినూనెకి నల్లబడ్డ వేళ్లు.
వరసలో ముందు దాలమ్మ.
"ఎంతొచ్చినాదమ్మా?"
"ఉండు దాలమ్మా, తెర పట్టట్లేదు."
"పట్టకపోడానికి అదేటి, రవికా?"
వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను,
చెమట తుడుచుకుంటూ.

ఢిల్లేశ్‌కి ఫోన్ చేశాను.
మందసవాడే, ఇప్పుడు విశాఖలో సర్వర్ల కాపలా.
"ఫుల్ స్క్రీన్ తీసి మళ్లీ పెట్టండి మేడమ్."
పెట్టాను. చుట్టూ నల్లంచు వచ్చింది,
పెద్దకర్మ పత్రికకి గీసినట్టు.
"సైజుకి కుదించే గుర్తు నొక్కి చూడండి."
నొక్కాను. అన్నీ వచ్చాయి,
మూడో ఎనిమిదో తెలీని చీమలు.
కూలి డబ్బులో ఆ తేడా చిన్నది కాదు.
"స్కేలింగ్ నూటపాతిక ఉందేమో, నూరు చెయ్యండి."
చేశాను. బయటికెళ్లి మళ్లీ రమ్మంది.
వెళ్లాను. వచ్చాను. నాలుగుసార్లు.
వచ్చిన ప్రతిసారీ అదే సగం తెర,
కదలకుండా, నా కోసం కూచుని.

మానిటర్ని అనుమానించాను.
తిత్లీ తుపానప్పుడు తడిసి ఎండలో ఆరిన ప్రాణం.
పాపం, దాని తప్పేం లేదు.

ఢిల్లేశ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత
"మేడమ్, రాత్రి మీ లాగిన్‌తో సారుగారి బావమరిది
ఇంట్లో గోడ టీవీ మీద చూశారు.
కిటికీ మూసేశారు గానీ లాగాఫ్ అవలేదు.
సెషన్ ఇంకా ఆ గోడ కొలతలోనే ఉంది.
మీరు అందులోకే వెళ్తున్నారు."

అదీ సంగతి.
తలుపు దగ్గరికి వెయ్యడం వేరు,
దీపం ఆర్పి ఇల్లు ఖాళీ చెయ్యడం వేరు.
ఎవడికో కొలిచి కుట్టిన చొక్కాలో
పొద్దున్నుంచీ నా చేతులు నేను వెతుక్కుంటున్నాను.

"పూర్తిగా తీసేస్తున్నా. రెండు నిమిషాలు."
ఫ్యాను తిరిగింది. పలాస స్టేషన్లో
ఏదో రైలు ఆలస్యానికి ఎవరో క్షమాపణ చెప్పారు.
మళ్లీ వెళ్లాను.

వచ్చింది. అంచు నుంచి అంచు దాకా,
ఇస్త్రీ చేసిన దుప్పటిలా.
"పన్నెండొందల అరవై నాలుగు, దాలమ్మా."

ఆమె కదల్లేదు.
కొంగు ముడి విప్పింది.
గుండుకి సీతాఫలం గింజ, బద్దకి చింతపిక్క,
కిలోకొకటి, ఆరు రోజులవీ.
"బుధవారం నాది గుండు, బద్ద కాదు. మూడు కిలోలు.
తెర సరయినాది గదా,
ఇప్పుడు లెక్క సరిసెయ్యి."

బుధవారం గడి నొక్కాను. బూడిద రంగు. కదల్లేదు.
"అది డిస్‌ప్లే సమస్య కాదు మేడమ్,"
అన్నాడు ఢిల్లేశ్, చాలా మర్యాదగా,
ఫోన్ పెట్టేస్తూ.

మూలనున్న పాత రిజిస్టరు తీసి దులిపాను.
దాలమ్మ గింజలన్నీ బల్ల మీద పోసింది.
ఒక్కొక్కటే జరుపుతూ రాసుకున్నాను.
కాగితానికి కుడివైపు
ఇంకా బోలెడు చోటుంది.

కిటికీ బయట, వరసలో,
ఒక్కొక్కరే కొంగు ముళ్లు విప్పుతున్నారు.